అరచేతిలో వెలుగు

ఫోటోలు తీయడం నేర్పే మాస్టారు ఏ గదిలో అడుగుపెట్టినా ముందుగా తన కుడి అరచేతిని చాస్తారు. దైవమిచ్చినది అందుకుంటున్నంత వినయంగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటారు. వెలుగు ఎటునుంచి వస్తోందో, ఎంత వస్తోందో ఆ గీతల మధ్యనే ఆయనకు తెలిసిపోతుంది. ఫిల్ములు కడిగిన రోజులనాటి మరకలు ఆయన గోళ్లను ఇంకా వదలలేదు.

ఆనాడు, ఆయన దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకుంటున్న ఒక దర్జీ తన తల్లిని వెంటబెట్టుకొని వచ్చింది. నెరిసిన జుట్టు, తెల్లని శాలువా, వెనుక తెల్లని గోడ. ఇంట్లో తీసిన ఫోటోలన్నింటిలోనూ ఆ తెలుపు మసకబారి, ముఖం నల్లబడింది.

"ఇదే ఆఖరిది. ఈసారీ బూడిద పోసినట్టుంటే మళ్లీ కెమెరా ముందు కూర్చోను" అని పెద్దావిడ తేల్చేసింది. కూతురు కెమెరా చేతిలోకి తీసుకుంది.

మాస్టారు పెద్దావిడ చెంప పక్కన అరచేయి చాపి చూసుకుని, శిష్యురాలి వైపు తిరిగారు. "ఇంత తెలుపు చూసి కెమెరా ఎండ ఎక్కువైందనుకుంటుందమ్మా. కళ్లు చికిలించి వెలుగు తగ్గించేస్తుంది. దాని మాట వినకు. కెమెరా మీద వెలుగు పెంచే ఆ చక్రం ఒకటిన్నర మెట్టు పైకి తిప్పి, ఇంకాస్త వెలుగు రానీ."

"జాతకం చెప్పాలంటే నా చెయ్యి చూడాలి గానీ, మీ చెయ్యి మీరే చూసుకుంటారేం మాస్టారూ?" అంటూ పెద్దావిడ పకపకా నవ్వింది. కూతురు మీట నొక్కింది.

కెమెరా తెరమీద శాలువా పాలనురుగులా మెరిసింది. నవ్వుతో విరిసిన ప్రతి ముడతా కనబడింది. పెద్దావిడ తనను తాను చాలాసేపు చూసుకుంది. ఆపై శాలువా సర్దుకొని మళ్లీ కుర్చీలో కుదురుగా కూర్చుంది.

"ఇంకోటి తియ్యవే."

మాస్టారి అరచేయి అప్పటికే గాలిలోకి లేచింది.