కీలో చేరిన మైనస్ రెండు

కరోనా తగ్గి కోచింగ్ సెంటర్లు మళ్లీ తెరుచుకున్న ఏడాది, జూన్‌లో, అశోక్‌నగర్‌లోని ఒక సెంటర్లో లెక్కల ఫ్యాకల్టీగా చేరాను. అంతకుముందు నారాయణగూడలో కాలేజీ లెక్చరర్‌ని. చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి నడిచే వెళ్లేదాన్ని.

ఆ సెంటర్లలో ఒక పద్ధతి ఉంది. లెక్క మొత్తం చేయరు, ఇచ్చిన నాలుగు ఆప్షన్లను సమీకరణంలో పెట్టి సరిపోయినదాన్ని గుర్తిస్తారు. చాలామంది లెక్చరర్లకు ఇదంటే చిన్నచూపు. నాకు కాదు. పెట్టి చూస్తే ఇమిడేదే కదా జవాబంటే!

ఆగస్టులో ఉచిత బ్యాచ్ కోసం పరీక్ష పెట్టారు. ఎంపికైతే ఫీజు, హాస్టల్ ఖర్చు ఉండవు. అందులో ఒక ప్రశ్న: ఎక్స్‌కు ఆరు కలిపి ధన వర్గమూలం తీస్తే మళ్లీ ఎక్స్ వస్తుంది, ఎక్స్ ఎంత? మామూలుగా రెండువైపులా వర్గం చేసి సాధిస్తాం. చేస్తే మూడు, మైనస్ రెండు వస్తాయి. కానీ వర్గం చేసినప్పుడు మైనస్ గుర్తు చెరిగిపోయి, లేని జవాబు ఒకటి పుట్టుకురావచ్చు. మైనస్ రెండుకు ఆరు కలిపితే నాలుగు, దాని ధన వర్గమూలం రెండు. మైనస్ రెండు కాదు. అందుకే వెనక్కి పెట్టి చూడందే లెక్క ముగించకూడదు. జవాబుల కీ తయారుచేసిన సబ్జెక్ట్ హెడ్ అలా పెట్టి చూడలేదు. రెండూ జవాబులేనని ఇచ్చాడు.

జనగామ వైపు నుంచి వచ్చి నా క్లాసులో చదువుతున్న స్వరూప మూడొక్కటే గుర్తించి, ఒక్క మార్కుతో బ్యాచ్ పోగొట్టుకుంది. స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, "మేడం, మీరు చెప్పినట్లే పెట్టి చూసిన. మైనస్ రెండు కూసుంటలేదు. ఈ బ్యాచ్ రాకుంటె హాస్టల్ కిరాయి కట్టలేను, ఊరికి పోవుడే" అంది. నాకు ఒళ్లు మండింది.

వెంటనే సెంటర్ డైరెక్టర్ గదికి వెళ్లి చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నారు. ఫైనల్ కీ ఆన్‌లైన్లో పెట్టేశామని, మారిస్తే సెంటర్ పరువు పోతుందని అన్నారు. ఒక్క మార్కుకి ఇంత రాద్ధాంతమా అని అక్కడే ఉన్న సబ్జెక్ట్ హెడ్ నవ్వాడు. తప్పు చేసి నవ్వడం ఎలా చేతనవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. కీ మారేదాకా కొత్త పాఠం చెప్పనని లేచి వచ్చేశాను.

అన్నట్లే, మర్నాటి నుంచి ప్రతి క్లాసులో బోర్డు మీద అదే సమీకరణం రాసి, ఎవరో ఒకరిని పిలిచి మైనస్ రెండు పెట్టించాను. పక్క సెక్షన్ల వాళ్లూ కిటికీల దగ్గర చేరారు. డైరెక్టర్ వచ్చి ఆపమన్నారు. చాక్‌పీసు ఆయన చేతికిచ్చి, మీరే పెట్టి చూడండి అన్నాను. హాలంతా చూస్తుండగా ఆయన రాయడం మొదలుపెట్టి, ఒకవైపు రెండు, ఇంకోవైపు మైనస్ రెండు వచ్చేసరికి ఆగిపోయారు.

సాయంత్రానికి కీ మారింది. స్వరూపకు సీటు వచ్చింది. రెండూ గుర్తించి మార్కు పోయినవాళ్లు కొందరు నాతో మాట్లాడడం మానేశారు. మరుసటి ఏడాది సెంటర్ నన్ను పిలవలేదు, నేనూ అడగలేదు.

జవాబు ఎంత పెద్ద కుర్చీలోంచి వచ్చినా, సమీకరణంలో పెట్టి చూడాలి. ఇమడకపోతే అది జవాబు కాదు. నా ఉద్యోగం నాకు నేర్పింది ఇదే.