చప్పుడు చెయ్యని బండి

వుకాషిన్‌కు బండి నడపడం వచ్చు, ఆపడమే చేతకాదు. ఆ సంగతి ఆయనకూ ఆయన భార్య స్టమెన్కాకూ తప్ప ఊళ్లో మూడో మనిషికి తెలియదు.

లెస్కోవాట్స్ పట్నంలోని బట్టల మిల్లులో మరమగ్గాలు బాగుచేసిన మనిషి. మిల్లు మూతపడ్డాక, జర్మనీలో ఉండే మేనల్లుడి దగ్గర ఈ పాత మోటారు సైకిల్ కొన్నాడు. దూరప్రయాణాలకని చేసిన బరువైన బండి. దాని అందం గురించి అడక్కూడదు. ఊరి జనం దానికి ఫ్రిజ్ అని పేరు పెట్టారు. అయితేనేం, మంచు పడుతున్నా మీట నొక్కగానే పలికేది. దానికి గొలుసు లేదు, బిగించే బాధా లేదు. పక్కపెట్టెల నిండా మిరపకాయలు సంతకు మోసింది. స్టమెన్కాను వాలుకుర్చీలో కూర్చోబెట్టినట్టు గ్రీసు సముద్రం దాకా తీసుకెళ్లి తెచ్చింది. దారిలో ఒక్కసారి మొరాయించిన పాపాన పోలేదు. మనుషుల్లో అంత నమ్మకస్తులు ఎక్కడ దొరుకుతారు?

బండి అలాగే ఉంది, మోకాళ్లే రెండూ మొండికేశాయి. పరుగులో ఉన్నంతసేపూ దూదిపింజలా ఉండే బండి, ఆగిందంటే ఆ బరువుకు ఆయన కాళ్లు నిలవవు. అందుకే మొగుడూ పెళ్లాం ఒక ఉపాయం చేసుకున్నారు. ఆయన గేటు దగ్గరికొచ్చి హారన్ కొడితే, ఆమె వచ్చి బండి పట్టుకుంటుంది, ఆయన దిగుతాడు. నీష్ పట్నంలో ఉన్న కూతురికి తెలిస్తే మర్నాడే అమ్మించేస్తుంది. అది పోతే ఆయనకు మిగిలేది గుమ్మమూ, టీవీనూ.

ఆ రోజు ఆయన గేటు ముందుకొచ్చి హారన్ కొట్టాడు. స్టమెన్కా వాకిట్లో, ఎండ కళ్లల్లో పడుతోందని రోడ్డుకు వీపు పెట్టి, గోడకు వేలాడదీసే మిరపదండలు గుచ్చుతోంది. తిరగలేదు. ఆయన ముందుకు పోయి, ఊరి నడిబొడ్డున చుట్టు తిరిగి, మళ్లీ వచ్చి కొట్టాడు. ఆమె అప్పుడూ తిరగలేదు.

హారన్ కొడుతూ ఊరు చుట్టడమంటే ఆ ప్రాంతంలో పెళ్లి అయినా అయుండాలి, పురుడైనా అయుండాలి. కూతురికి నెలలు నిండాయని అందరికీ తెలుసు. కఫానా అనే సారాకొట్టు ముందు కూర్చున్న పాత నేస్తం బ్లగోయె గ్లాసెత్తి, మనవడా మనవరాలా అని కేకేశాడు. వుకాషిన్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ చుట్టు తిరిగి వచ్చేసరికి అక్కడ జనం పెరిగారు.

“ఆగవేం బావా? ఆగితే మాకు పోయించాల్సొస్తుందనా? పిసినారి బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు!” అన్నాడు బ్లగోయె.

అందరూ నవ్వారు. పట్టుకోండ్రా అనే మాట ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోయింది. టాంకు నిండుగా ఉంది. ఆగకపోవడమే దీని గొప్పని ఇన్నేళ్లూ చెప్పుకున్న మనిషి, ఇప్పుడు అదే బండి మీద దిక్కు తోచక తిరుగుతున్నాడు.

ఇక లాభం లేదని గేటు ముందు బ్రేకు వేసి కాలు ఆనించాడు. కాలు ఆగలేదు. బండి మెల్లగా ఒరిగి ఆయన్నీ పడేసింది. ఇంజనుకు అడ్డంగా బిగించిన ఇనపకడ్డీ పుణ్యమా అని కాలు నలగలేదు గాని, ఇరుక్కుపోయింది. “స్టమెన్కా” అని గొంతు చించుకున్నాడు. పదడుగుల అవతల ఆమె ఇంకో మిరపకాయ సూదికి గుచ్చింది.

అప్పుడు తెలిసింది ఆయనకు. కొంతకాలంగా ఆమె కుర్చీ ఎప్పుడూ రోడ్డువైపే ఉండేది. ఆమె హారన్ విని రావడం లేదు, చూసి వస్తోంది. తను మోకాళ్లను ఊరి నుంచి దాచినట్టే, ఆమె చెవులను తన నుంచి దాచింది. లేవలేడు, పిలవలేడు.

సీసా పట్టుకుని వెనకే వచ్చిన బ్లగోయె బృందం బండిని లేపింది. ఎవరూ నవ్వలేదు. గేటు పట్టుకుని నిలబడ్డ వుకాషిన్ తాళంచెవి తీసి బ్లగోయె చేతిలో పెట్టాడు.

“అమ్మిపెట్టు. ఇన్నాళ్లూ మా ఆవిడ పట్టుకుంటేనే దిగాను.”

మిరపకాయల మీద వాళ్ల నీడలు పడ్డాక స్టమెన్కా తిరిగింది. “ఎప్పుడొచ్చావయ్యా? చప్పుడే లేదు!”

బ్లగోయె ఏదో అనబోతే వుకాషిన్ అతని చెయ్యి నొక్కాడు.

“మన బండికి చప్పుడెక్కడిదే? మొదట్నుంచీ అంతేగా.”

ఆమె ఆయన పెదాలకేసే చూస్తూ తల ఊపింది.