కొండయ్య మామ వెతికి తెచ్చిన అవ్వ పాట

మార్కాపురంలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కొండయ్య మామ పోయిన సోమవారం పొద్దున గుండెపోటుతో దివంగతులయ్యారు. ఫోన్‌లో ఆ వార్త విని దిగ్భ్రాంతితో నేనన్న మొదటి మాట, "అత్తా, మామ పక్కనుండి చెప్పిస్తున్నాడా?" అని. నన్ను ఆట పట్టించడం ఆయనకు నిత్యకృత్యం. అత్త ఏడుపు విన్నాకే నమ్మాను.

ఏడో తరగతిలోనే చదువుకు స్వస్తి చెప్పిన నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టిన గురువు ఆయన. "బడిని బతికించినావు అల్లుడా, ఇంక నా దుకాణాన్ని చంపొద్దు" అన్నారు ఆ రోజు.

మా వైపు పెళ్లి వీడియోకు ఆచారం ఒక్కటే: అక్కడ రికార్డయిన అసలు శబ్దం తీసేసి, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు వేయడం. పెద్దారవీడు రమణమ్మ పెళ్లికీ మామ అదే చేసి, కెమెరా కార్డు చెరిపి, తర్వాతి పెళ్లికి పోయారు. అప్పగింతల్లో రమణమ్మ అవ్వ పాడిన పాట అలా మాయమైంది. ఏడాది తిరక్కముందే అవ్వ కాలం చేసింది. రమణమ్మ దుకాణానికి వచ్చింది.

"చిన్నాయనా, మా అవ్వ నోరు కదులుతాంది. వచ్చే పాటేమో సినిమాది. మా అవ్వ పాట యాడ?"

కార్డు పాడైందని చెబుదామని నేను నోరు తెరిచాను. మామ నన్ను చూపుతోనే ఆపి, "నేనే చెరిపినా తల్లీ. తప్పు నాది. తెచ్చిస్తా" అన్నారు.

ఆమె వెళ్లాక అడిగాను. "లేనిదాన్ని ఎట్ల తెస్తావు మామా?"

"పెళ్లికొచ్చి వీడియోకు ఫోన్ ఎత్తనోడు ఉంటాడా? పద, బండి తియ్."

ఆ పెళ్లికి పిలుపుల కోసం కూడా ఎవరూ మేం తొక్కినన్ని గడపలు తొక్కి ఉండరు. చివరికి దొనకొండలో, రమణమ్మ మేనత్త ఫోన్‌లో దొరికింది. బొమ్మంతా ఎవరిదో వీపు. పాట మాత్రం సంపూర్ణం. "ఈ వీపుకు దండం పెట్టు అల్లుడా" అన్నారు మామ.

నేను ఉత్సాహపడి ఆ పాటను అతికించి, వీడియో మొత్తాన్ని మళ్లీ తయారు చేశాను. దాంతో బొమ్మ నాణ్యత తగ్గి, అవ్వ ముఖం మసకబారింది. "బొమ్మ జోలికెందుకు పోయినావు? పాత సౌండ్ తీసి కొత్తది పెట్టు, అంతే. బొమ్మ ఉన్నది ఉన్నట్లే ఉండాల" అని మామ కసిరారు. అలాగే చేశాం. కానీ ఫోన్, కెమెరా ఒకే వేగంతో నడవవు. పాట చివరికొచ్చేసరికి, అవ్వ నోరు మూసుకున్నాక గొంతు వినిపిస్తోంది. అవ్వ ఊపిరి పీల్చిన చోటల్లా మామ పాటను తుంచి, ఒక్కో ముక్కనూ పెదవుల కదలికకు సరిపెట్టారు. రెండు పగళ్ల తపస్సు అది. భోజనం కూడా కుర్చీలోనే. పాట మధ్యలో వచ్చిన అవ్వ దగ్గును నేను తీసేయబోతే చేయి పట్టుకున్నారు.

"ఆ దగ్గు నీదా?"

"కాదు."

"మరి నీకేం అడ్డమొచ్చింది?"

వచ్చి చూసిన రమణమ్మ, పాటకు ఏడవలేదు. ఆ దగ్గు దగ్గర ఏడ్చి, వెంటనే నవ్వింది. "బీడీ మానమంటే ఇన్నదా ముసల్ది!"

ఆనాటి నుంచి మా దుకాణం దాటే ప్రతి ఫైల్‌లో రెండు సౌండ్ ట్రాక్‌లు: ఒకటి పాటలది, రెండోది పెళ్లిది. మామ అంతటితో ఆగలేదు. తాను పాటలతో కప్పేసిన పాత పెళ్లిళ్లన్నీ నోటుబుక్కులో రాసుకుని, ఇంటింటికీ ఫోన్ చేసి, మీ వాళ్ల ఫోన్లు వెతకండని బతిమాలేవారు. ఎవరూ అడగకుండానే ఈ అవస్థ ఎందుకంటే, "వాళ్లు అడిగేటప్పటికి ఆ ఫోన్లు ఉండవురా" అనేవారు.

ఆ పుస్తకంలో సగం పేర్ల దగ్గర కూడా టిక్కు పడలేదు. గిద్దలూరు పేజీ మేం ముట్టుకోనే లేదు. అంతటి సహనశీలిని మార్కాపురం మళ్లీ చూడదు. ఆయన చెవి నాకు రాదు, ఆయన ఓపిక నా ఒంట్లో లేదు. అయినా ఆ పేర్లన్నీ పూర్తి చేయడమే ఆ మహనీయునికి నేను సమర్పించగల నివాళి. చేసి తీరుతాను.

నిన్న దర్శి నుంచి ఒక పెద్దాయన అద్దం పగిలిన ఫోన్ పట్టుకుని వచ్చారు. "కొండయ్య రమ్మన్నాడే. లేడా?"

"లేడు పెద్దనాయనా" అన్నాను. "కూర్చో. ఫోన్ ఇట్లియ్యి."