అమ్మ అక్కా అని పిలిచిన టీవీ ఆమె

నిన్న తార్నాక బస్‌స్టాప్‌ల ఒక కాలేజీ పిల్ల ఫోన్ చూసుకుంట ఏడుస్తున్నది. ఎవరో సినిమా హీరో పోయిండట. పక్కనున్న దోస్తు నవ్వుకుంట, "నీకేమైతడే ఆయన?" అని అడిగి, తన బస్సు రాంగనే ఎక్కి పోయింది.

నా చిన్నప్పుడు మా నాయిన గూడ అమ్మను అట్లనే అడిగిండు.

నాయిన యూనివర్సిటీ హాస్టల్ మెస్‌ల వంట చేసేటోడు. క్యాంపస్ క్వార్టర్స్‌ల ఉండేటోళ్లం. ఊరి నుంచి వచ్చిన అమ్మకు అక్కడ మాట్లాడేటోళ్లు లేకుండె. మధ్యాహ్నం సీరియల్‌ల వచ్చే ఒకామెను మాత్రం అక్కా అని పిలిచేది. చింతపండు గింజలు తీసుకుంట, "వాన్ని నమ్మకక్కా, మోసం చేస్తడు" అని టీవీకి చెప్పేది. ఆమె మా సొంత పెద్దమ్మే అనుకున్న నేను.

ఎండకాలం సెలవుల్ల ఒకరోజు ఆమె చనిపోయిందని వార్తలల్ల చెప్పిన్రు. అమ్మ పొయ్యి ఆర్పింది. సొంత చుట్టం పోతే పోసుకున్నట్టే, కట్టుకున్న చీరతోనే తలమీద నీళ్లు పోసుకున్నది. తడి ఎంట్రుకలతోని గడపల కూసున్నది.

"నీకేమైతదే ఆమె?" అన్నడు నాయిన.

నేను చెప్పులేసుకొని తయారైన. "పెద్దమ్మను చూడనీకి పోదామా అమ్మా?"

"వాళ్లకు మనమెవరో తెల్వదు బిడ్డా" అన్నది.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు మా ఇంట్ల మాట వినపడలే.

ఏడుస్తున్న ఆ పిల్లకు నేనేం గాను. అయినా నా బస్సు వస్తే ఎక్కలే. పోయి పక్కన కూసున్న.