మూడు నోళ్లు సదివిన సన్మాన పత్రం

గా రోజులల్ల నా ఉద్యోగం కొత్తది, అనుమానం మాత్రం పాతది. కరీంనగర్‌ల బస్సు ఎక్కిచ్చుకుంట మా బాపు ఒక్కటే మాట చెప్పిండు: "బిడ్డా, ఎవలన్న నవ్వుకుంట చాయ్ ఇస్తే దానెనుక ఏదో కాయితం ఉంటది, చూసుకో." జీవితమంత సాంచెల మీద బట్ట నేసి, సేట్లు చెప్పినకాడల్ల సంతకం పెట్టి మోసపోయిన మనిషి, ఆయన మాట కాదంటనా? ఖానాపూర్ దిక్కు ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శిగ పోయి ఆర్నెల్లు ఎవలింట్ల చాయ్ తాగలే. (కార్యదర్శమ్మకు కడుపుల ఏదో రోగమున్నదని ఊరంత అనుకున్నరట, నాకు తర్వాత తెలిసింది.) నన్ను మించిన అనుమానం గల మనిషి ఆ ఊళ్లె ఒక్కతే ఉండె. పోయి పోయి ఆమె చేతికే చిక్కిన.

ముప్పై ఏండ్ల కింద ఆమె ఆ ఊరికి తొలి ఆడ సర్పంచు. ఊరి చివరి వాడకు బోరింగు ఏయించి నీళ్లు తెచ్చిందని అందరు బోరింగు సర్పంచమ్మ అంటుండ్రి. మహిళా దినోత్సవం ముందునాడు మండలం పెద్దసారు ఫోన్ చేసి, తొలి మహిళా సర్పంచులకు సన్మానం చేస్తున్నం, పత్రం రాసి ఆమెకు ఇనిపిచ్చి, సరేనని కింద ఏలుముద్ర ఏయించుకొని రేపు తోలుకరా అన్నడు. ఆమె రాకపోతే నీ ప్రొబేషన్ సంగతి చూస్త అని నవ్విండు కూడ. సన్మాన పత్రం రాసుడు నాకేమెరుక? ఫోన్ల ఎవలిదో దొరికితే పేరు మార్చి దించిన. "భర్త అడుగుజాడల్లో నడిచి గ్రామానికి వెలుగులు పంచిన మాతృమూర్తి" అని అండ్ల ఒక వాక్యం. సదువుకొని మురిసిన కూడ.

నేను పోయేసరికి ఆమె వాకిట్ల పసుపు కొమ్ములు ఆరబోస్తున్నది. కాయితం ఇస్తే ముట్టుకోలే. ఇన్నేండ్లకు నేనెట్ల యాదికొచ్చిన, ఎలచ్చన్లు దగ్గరికొచ్చినయా, నిన్నెవలు తోలిండ్రు అని అడిగింది. మండలం పెద్దసారు అవ్వా అంటే, గట్లయితే ఇంకింత అనుమానమన్నది. ఆఖరికి తన రివాజు చెప్పింది: సదువు రాదు గనుక ఏ కాయితమైన ముగ్గురు వేరువేరుగ సదవాలె, ఒకలు సదివేది ఇంకొకలు ఇనద్దు, మూడు కలిస్తేనే ఏలు పెడుతది. మంచంల కూసున్న తాత, అంటే ఆమె పెనిమిటి, నేను సదువుత తే అన్నడు. "నువ్వద్దు" అన్నది, తల లేపకుంటనే. నన్ను కొట్టంకాడ కూసోమన్నది. అప్పుడే వచ్చిన పోస్టుమ్యాన్ సదివి పోయిండు, తర్వాత బడి నుంచి వచ్చిన మనుమరాలిని పిలిచింది.

అంతలోపల తాత మెల్లగ నా దగ్గరికి వచ్చిండు. "ముప్పై ఏండ్ల సంది గిదే బిడ్డా, నన్ను సదవనియ్యది" అని సంగతంత తనే చెప్పిండు. కొత్తల కాయితాలన్ని ఆయనే సదివేటోడట. బోరింగు కాయితం వచ్చిననాడు, అండ్ల తన తమ్ముని వాకిలి అని రాసి ఉంటే, ఊరి చివరి వాడ అని సదివి ఏలు పెట్టుమన్నడు. ఆ ఒక్కకాడ ఆయన గొంతు గబగబ ఉరికిందని ఆమెకు అనుమానమొచ్చింది. ఇంకిద్దరితోని సదివిచ్చింది. ఇద్దరి నోట తమ్ముని వాకిలే వచ్చింది. "తప్పు నాదే" అన్నడు తాత, నేలచూపు చూసుకుంట. నాకు అప్పుడు యాదికొచ్చినయి, నేను రాసిన అడుగుజాడలు.

ఆఖరికి నన్ను పిలిచి సదవమన్నది. సదువుకుంట సదువుకుంట ఆ వాక్యం కాడికి వచ్చేసరికి ముఖం చెల్లలే, గబుక్కున దాటిన. ఆమె పసుపు చేతులు దులుపుకున్నది.

"ఇద్దరు సదివినదాంట్ల మా ఆయన ఉన్నడు. నువ్వు సదివినదాంట్ల లేడు. ఏడికి పోయిండు బిడ్డా?"

ఇగ ప్రొబేషన్ పోయిందే అనుకున్న. ఫోన్ల చూసి దించిన, సిగ్గయి సదవలే అని ఉన్నదున్నట్టు ఒప్పుకున్న. ఆమె కోపానికి రాలే.

"ఆయన ఎనుకనే నడిస్తే ఆ బోరింగు మా మరిది వాకిట్ల ఉంటుండె. కొట్టెయ్యి. మూడుసార్లు ఇన్నంకనే ఏలు పెట్టింది అని రాయి."

కొట్టేసి రాసిన. మళ్లీ మూడు నోళ్లు కావాలె. మనుమరాలు సదివింది, నేను సదివిన. పోస్టుమ్యాన్ ఎప్పుడో పోయిండు. సర్పంచమ్మ కాయితాన్ని మళ్ల మంచమెక్కిన తాత దిక్కు చాపింది.

"నువ్వు సదువు" అన్నది.

తాత అద్దాలు పెట్టుకున్నడు. ఒకటో తరగతి పిల్లగాని లెక్క ఒక్కొక్క అచ్చరం కూడబలుక్కుంట సదివిండు, ఏడ ఉరకలే. మూడు కలిసినయి. ఆమె ఏలు పెట్టింది. తర్వాత ఇంట్లకు పోయి నాకు చాయ్ తెచ్చింది, ఆ ఊళ్లె నేను తాగిన మొదటి చాయ్ అదే. (గ్లాసు ఎనుక ఏమన్న కాయితం ఉన్నదా అని చూసిన, అబద్ధమెందుకు.)

తెల్లారి ఆమె మీటింగుకు వచ్చింది. కొట్టివేతలున్న సన్మాన పత్రమేందని పెద్దసారు గులిగిండు గాని, ఏలుముద్ర చూసి ఊకున్నడు. అది ఇంక ఆ పంచాయతీ గోడకే ఉన్నది. నాకు ఆ తర్వాత మూడూళ్లు మారినయి. ఇప్పటికి ఏ కాయితం మీద సంతకం పెట్టాలన్న ముందు బయటికి సదువుకుంట, ఏడన్న నా గొంతు ఉరికితే కలం మూసేస్త. అప్పటి నేను, ఆ కొత్త ఉద్యోగపు పిల్ల, యాదికొస్తే నవ్వొస్తది. ఊళ్లె అందరి చాయ్‌ను అనుమానించింది, తను రాసిన కాయితాన్ని మాత్రం ఒక్కసారి గూడ అనుమానించలే.