తడి చొక్కా తెచ్చిన జబ్బు

ఆ ఆదివారం కరీంనగర్ రైతు బజార్‌లో కొత్తిమీర కొన్నాను. అమ్మే ఆమె కట్ట మీద నీళ్ళు చిలకరించి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి ముడి వేసింది. ఆ ముడి చూడగానే నాకేమైందో తెలియదు. కవర్ లాక్కుని చింపేసి, "తడిదాన్ని కవర్ల ఎందుకు కట్టినవ్? బుద్ధి లేదా?" అని అరిచాను. బజారంతా నా వైపే చూసింది. "కొత్తిమీరనే గద సారూ..." అంది ఆమె, బిత్తరపోయి. నా చేతులు వణుకుతున్నాయి. గుండె దడదడ కొట్టుకుంటోంది, ఊపిరి అందడం లేదు. నా భార్య సుజాత నన్ను పక్కకు తీసుకెళ్ళి మెట్ల మీద కూర్చోబెట్టింది.

నేను పోలీసు ఇన్‌స్పెక్టర్‌ని. పన్నెండేళ్ళుగా హత్య కేసులు చూస్తున్నాను. శవ పంచనామా చేసి వచ్చి, చేతులు కడుక్కుని అన్నం తినగలిగేవాణ్ణి. అదే మగతనం అనుకునేవాణ్ణి. అలాంటి నన్ను కొత్తిమీర కట్ట కూలదోసింది.

అసలు సంగతి చెప్పాలి. మంథని వైపు ఒక పల్లెలో రజిత అనే అమ్మాయి ఉండేది. ఇరవై రెండేళ్ళు, మిషన్ కుట్టేది. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకడు పెళ్ళి చేసుకుంటానని వెంటపడ్డాడు. ఆమె ఒప్పుకోలేదు. కాలువ గట్టు మీద చంపేశాడు. వాడి పేరు రాయను, ఈ కాగితం మీద వాడికి చోటివ్వను. మూడో రోజుకే పట్టుకున్నాను. గడ్డివాములో దాచిన చొక్కాను వాడే, ఇద్దరు పంచ్ సాక్షుల ముందు, తీసి ఇచ్చాడు. దాని మీద రక్తం మరకలున్నాయి. వాన పడుతోంది, చొక్కా తడిసి ముద్దయింది.

రక్తం అంటిన తడి బట్టను నీడన ఆరబెట్టి, కాగితంలో చుట్టి ల్యాబ్‌కు పంపాలి. ట్రైనింగ్‌లో మొట్టమొదట చెప్పే పాఠం అది. కానీ మర్నాడు పొద్దున మంత్రిగారి బందోబస్తు ఉంది. ఎరువుల దుకాణం నుంచి పాలిథిన్ కవర్ తెప్పించి, చొక్కాను తడిగానే అందులో పెట్టి, లక్క సీలు వేసేశాను. అది చాలా రోజులు స్టేషన్‌లోనే పడి ఉంది. చివరికి ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది: బూజు పట్టింది, రక్తం ఎవరిదో తేల్చలేము. కళ్ళారా చూసిన సాక్షి లేడు. కోర్టు వాణ్ణి వదిలేసింది. తీర్పులో నా పేరు రాసి, పక్కనే "నిర్లక్ష్యం" అని రాశారు. ఆ తీర్పు వచ్చిన మూడో వారంలోనే ఈ కొత్తిమీర గొడవ.

బజార్ నుంచి సుజాత నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బీపీ చూస్తే నూట ఎనభై. ఈసీజీ తీశారు, టూడీ ఎకో తీశారు. అన్నీ నార్మల్. "గుండెకు ఏం ఢోకా లేదు సార్. ప్యానిక్ అటాక్ లెక్కున్నది. సైకియాట్రిస్ట్‌కు రాసిస్త, ఒకసారి కలువుండ్రి" అన్నాడు డాక్టర్.

"అంటే నాకు పిచ్చి లేసిందంటవా?" అని చీటీ అక్కడే చింపాను. మా డిపార్ట్‌మెంట్‌లో గుండె జబ్బు వస్తే పండ్లు పట్టుకుని చూడటానికి వస్తారు. మనసుకు జబ్బు వస్తే చాటుగా నవ్వుతారు.

తర్వాత రెండు వారాలకు చొప్పదండి బస్టాండ్ ఎదుట హోటల్లో రజితను చంపినవాడు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. లేచి నిలబడి మరీ, "నమస్తే సార్. మంచిగున్నరా? చాయ్ తాగుతరా?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఉన్నమాట చెప్తాను. వాణ్ణి చంపాలని తీర్మానించుకున్నాక నాకు హాయిగా అనిపించింది. వణుకు తగ్గింది, ఆకలి పుట్టింది. నా కూతురి పాత నోట్‌బుక్‌లో వాడి చావును కేస్ డైరీ లాగా రాసుకున్నాను. ఏ చోట, ఏ దారి, ఎవరు చూస్తారు, ఎవరు చూడరు. హంతకులు ఎక్కడ దొరికిపోతారో నాకంటే ఎవడికి తెలుసు? రజిత కేసులో పెట్టని శ్రద్ధంతా అందులో పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ నోట్‌బుక్ సుజాతకు దొరికింది. నాతో ఒక్క మాట అనకుండా మందమర్రిలో మా నాన్నకు ఫోన్ చేసింది. మర్నాడు పొద్దుటి బస్సుకే మా బాపు దిగాడు. బాపు బొగ్గుబాయిలో, గని లోపలికి దిగి పనిచేసి రిటైరయ్యాడు. చదువు రాదు. సుజాత చదివి వినిపిస్తే అంతా విన్నాడు. విని, నోట్‌బుక్ నా ముందు పెట్టాడు.

"షిఫ్టు అయినంక మేం ఏం జేస్తుంటిమిరా?" అని అడిగాడు.

"లాంప్ రూంల, నెత్తికి పెట్టుకునే క్యాప్ ల్యాంపులు అప్పజెప్తుంటిరి."

"ఒక్క ల్యాంపు తక్కువైతె?"

జవాబు కూడా తనే చెప్పాడు.

"ఒకడు ఇంక లోపల్నే ఉన్నడని లెక్క. అందరం ఎతుకబోతుంటిమి. నువ్వింక పైకి రాలేదురా కొడుకా. తియ్యి ఆ పిస్తోలు. నడువు, అప్పజెప్పొద్దాం."

బాపు ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయుధాలు దాచే ఆర్మరీలో పిస్తోలు అప్పజెప్పి, హెడ్ కానిస్టేబుల్ నర్సయ్యతో, "నేనొచ్చి అడిగినా ఇయ్యకు, డాక్టర్ కాయితం తెస్తెనే ఇయ్యి" అన్నాను. అటునుంచి అటే సైకియాట్రిస్ట్ దగ్గరికి పోయాం.

డాక్టరమ్మ సూటిగా అడిగింది. "ఎవలనన్న చంపాలనిపిస్తుందా?" ఔనన్నాను. "ప్లాన్ ఉన్నదా?" ఔనన్నాను. "ఆయుధం?" "గంట కింద అప్పజెప్పిన మేడమ్." ఆమె పెన్ను కింద పెట్టి, "మంచిపని చేసిండ్రు. సగం ట్రీట్‌మెంట్ అదే" అంది. పీటీఎస్‌డీ, అంటే దెబ్బతిన్న మనసు ఆ సంగతినే మళ్ళీ మళ్ళీ బతకడం, దానికి తోడు డిప్రెషన్ అని చెప్పింది.

మాత్రలతో నోరు ఎండిపోయేది, పగలు కూడా మత్తుగా ఉండేది. వారానికోసారి కౌన్సెలింగ్. మూడో నెలకు బాగయ్యానని నాకు నేనే తీర్పు చెప్పుకుని మాత్రలు మానేశాను. పది రోజుల్లో పాత కోపం రెండింతలై వచ్చింది. నేరుగా ఆర్మరీకి పోయాను.

"నర్సయ్యా, పిస్తోలు తియ్యి."

"డాక్టరమ్మ కాయితమేది సార్?"

"నేను నీ ఆఫీసర్ని!"

"గందుకే సార్, మీరు జెప్పిన మాటనే ఇంటున్న."

నోటికొచ్చినట్టు తిట్టాను. తాళంచెవులున్న జేబు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు తప్ప కదల్లేదు.

ఆ కోపంతోనే బయలుదేరి రజిత తల్లి పోశవ్వ ఇంటికి పోయాను. తీర్పు తర్వాత ఆమెకు మొహం చూపలేదు. "అవ్వా, తప్పు నాదే. వాన్ని నేనే సంపుత" అన్నాను.

"తప్పు నీదేనని ఎరికే సారూ. నిన్ను సుత రోజు తిట్టుకున్న" అంది ఆమె. "వాన్ని సంపాలెనని నాకు లేదా? గొడ్డలి సూరుల్నే ఉన్నది. గని ఇప్పుడు వాడు సస్తె ఏమైతది? పాపం, మంచి పోరడు పోయిండని ఊరంత ఏడుస్తది. నా బిడ్డను సంపినోడని ఎవ్వడనడు. వాడు బతకాలె. బతికి మళ్ల బోనుల నిలబడాలె. నువ్వు సుత నిలబడి, నీ తప్పు నీ నోటితోని జెప్పాలె. నువ్వు జైలుకు పోతె, నీకు పిచ్చి లేస్తె, నా బిడ్డ దిక్కు ఎవడు మాట్లాడుతడు?"

ఆ రోజు సాయంత్రం నుంచి మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాను.

ఇప్పుడు నేను కొత్తగా చేరినవాళ్ళకు ట్రైనింగ్ ఇస్తున్నాను. మొదటి క్లాసులోనే రెండు చొక్కాలు తడిపి, ఒకటి పాలిథిన్‌లో కడతాను, ఇంకొకటి ఆరబెట్టి కాగితంలో చుడతాను. వారం తర్వాత విప్పి వాసన చూడమంటాను. రజిత కేసులో చొక్కాను ఇలా పాలిథిన్‌లో కట్టింది నేనేనని కూడా చెప్తాను. మళ్ళీ విచారణ జరపాలని పోశవ్వ పేరున హైకోర్టులో అప్పీల్ వేశాం. వాణ్ణి నేను క్షమించలేదు. క్షమించమని డాక్టరమ్మ అడగలేదు కూడా.

నాలాంటి వాళ్ళకు ఒక్కటే చెప్తాను. డాక్టర్‌ను వెతకడానికి ముందే మీ చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరికి అప్పజెప్పండి. నా దగ్గర పిస్తోలు ఉండేది. మీ ఇంట్లో పురుగుమందు డబ్బా ఉండొచ్చు. మీరు అడిగినా, తిట్టినా తిరిగి ఇవ్వని మనిషి చేతికే ఇవ్వండి.

నర్సయ్య ఇంకా నాకు పిస్తోలు ఇవ్వలేదు. నేనూ అడగలేదు. రజితను చంపినవాడు మళ్ళీ బోనెక్కిన రోజున నా చేతులు వణకకూడదు, నా మాట తడబడకూడదు. అందుకే ఒక్క పూట కూడా మాత్ర మానను.