కెజయా హోల్డెన్ తీసుకోని రొట్టె

మా వెస్ట్ హార్లోలో ఆడవాళ్ళం చలికాలమంతా పొయ్యి దగ్గర కూర్చుని గడ్డి టోపీలు అల్లేవాళ్ళం. అందరిలోకీ చెయ్యి తిరిగిన మనిషి మా పక్కింటి కెజయా హోల్డెన్. ఆవిడ భర్త అమాసా చర్చిలో సంఘపెద్ద. ప్రభు భోజనం నాడు, క్రీస్తు గుర్తుగా అందరూ తినే రొట్టె ముక్కల పళ్ళెం వరసల వెంట అందించేది ఆయనే. ఇద్దరూ నెమ్మదస్తులు. ఆ ఇంట్లోంచి పెద్ద గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజుల్లో బోస్టన్ చుట్టుపక్కల చదువుకున్నవాళ్ళు కొందరు చర్చి కొలువులు వదిలేసి, పుస్తకాలు రాసుకుంటూ, ఊరూరా ప్రసంగాలు చేస్తూ తిరిగేవారు. పత్రికలు వాళ్ళను ట్రాన్సెండెంటలిస్టులనేవి. ఆ పేరు నోరు తిరగక మావాళ్ళు ‘మబ్బు మనుషులు’ అనేవారు. వాళ్ళలో ఒకాయన నవంబరులో మా ఊరి హాల్లో మాట్లాడాడు. దేవుడు ప్రతి మనిషితోనూ లోపలి నుంచి నేరుగా మాట్లాడతాడట. మధ్యవర్తి అక్కర్లేదట. ఊరంతా ఒక మాటంటున్నా సరే, మన మనసు ఒప్పుకోనిది మన నోటితో అనకూడదట. సగం మంది కునుకు తీశారు. మిగతావాళ్ళు నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు. కెజయా నవ్వలేదు.

ఆ తర్వాతి ప్రభు భోజనానికి అమాసా ఎప్పట్లాగే పళ్ళెం భార్యకు అందించాడు. ఆవిడ ముక్క తీసుకోకుండా పళ్ళేన్ని నా చేతుల్లో పెట్టింది. అమాసా మెడ చెవులదాకా ఎర్రబడింది.

వారం తిరిగేలోగా మా చర్చి పాస్టర్ క్రేన్ వాళ్ళింటికి వచ్చారు. మళ్ళీ వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు, ఆవిడ ఆత్మ ఏమైపోతుందోనని నిజంగానే భయపడ్డారు. ఆవిడ ఆదివారాలు చెరువు వైపు నడవడం మొదలుపెట్టాక ఊరు నోరు విప్పింది. దుకాణంలో డోర్కస్ అనే ఆవిడ అందరి ముందూ అడగనే అడిగింది: “చెట్ల చేత ప్రసంగాలు చెప్పించుకుంటున్నావటగా? మరి ఆకులన్నీ రాలిపోయాయిగా, ఇప్పుడేం చేస్తావ్?”

“పైన్ చెట్లకి రాలవుగా, డోర్కస్,” అని కెజయా దారం తీసుకుని వెళ్ళిపోయింది.

జనవరిలో సంఘం విచారణ పెట్టింది. ముందురోజు సాయంత్రం వంటింట్లో అమాసా బతిమాలాడని తర్వాత ఆవిడే నాకు చెప్పింది.

“పొరపాటైందని ఒక్క మాట అను, కెజయా. పాస్టర్ గారు అంతటితో వదిలేస్తామన్నారు.”

“పొరపాటు కాలేదే.”

“పోనీ నా కోసం?”

ఆవిడ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసిందట. “ఇంకేదైనా అడుగు, చేస్తాను. ఇది మాత్రం నావల్ల కాదు.”

మర్నాడు మంచు మీద జారే వాళ్ళ బండిలోనే నేనూ వెళ్ళాను. చర్చి నిండిపోయింది. చేతులెత్తి తీర్పు చెప్పే హక్కు మగవాళ్ళదే. మేం వెనక వరసల్లో కూర్చున్నాం. కెజయా ఒక్కతే ముందు నిలబడింది.

“సోదరీ, ఈ రొట్టె ఆత్మకు అవసరమని నమ్ముతున్నావా, లేదా?” అని అడిగారు పాస్టర్ గారు.

“నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు నటిస్తూ ఇన్నేళ్ళు తిన్నాను. ఇక తినలేను.”

ఆవిణ్ణి వెలివేయాలనేవాళ్ళను చేతులెత్తమన్నారు పాస్టర్. ఒక్కొక్క చెయ్యే లేచింది. చివరికి అమాసా చెయ్యి ఒక్కటే మిగిలింది. అందరి కళ్ళూ అటే తిరిగాయి. భార్యను వెలివేయడానికి ఆయన ఎత్తడనే నేననుకున్నాను. ఆయన ఆవిడ కళ్ళలోకి సూటిగా చూశాడు. చెయ్యెత్తాడు.

తిరుగు ప్రయాణంలో వాళ్ళ వెనక కూర్చున్నాను. దిగి నడిచిపోదామా అనిపించింది. వంతెన దాటాక అమాసా అన్నాడు: “నేను నమ్మినదానికే ఎత్తాను.”

“తెలుసు.”

“నీకు కోపంగా ఉంది.”

“కోపం కాదు, నొప్పి. నా మొహం చూసి నువ్వు చెయ్యి ఎత్తకుండా ఉంటే అంతకంటే నొప్పిగా ఉండేది. ఇవాళ ఇంకేం మాట్లాడకు,” అంది.

ఆ ఇంట్లో మాటలు మళ్ళీ మొదలయ్యేసరికి మేపుల్ చెట్ల రసం కాచి పాకం తీసే మార్చి రోజులొచ్చాయి. విడిపోతారని ఊరు కాచుకుని కూర్చుంది. విడిపోలేదు. తర్వాత తర్వాత ఆదివారం ఒకే బండిలో బయల్దేరేవారు. చెరువు మలుపులో ఆవిడ దిగేది, ఆయన చర్చికి పోయేవాడు. దేవుడి సంగతి వాళ్ళిద్దరూ మళ్ళీ ఎత్తుకోలేదు. ఆ పుండు మానిందో, అలవాటైందో నేను చెప్పలేను.

కొన్నేళ్ళకు ఊపిరితిత్తుల జబ్బుతో కెజయా ముందు పోయింది. పాస్టర్ క్రేన్ పాతవన్నీ మరిచి, సమాధి ప్రార్థన చెయ్యడానికి తనంతట తానే వచ్చారు. అమాసా గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు.

“మీరు చేస్తే నాకు ఊరటగా ఉండేది, పాస్టర్ గారూ. కానీ ఆవిడ ఒప్పుకోదు,” అన్నాడు.

గోతి దగ్గర ఏ మాటా లేకుండా మట్టి వేశాం.